తలకు బలమైన దెబ్బ తగిలాక ఏళ్ల తరబడి మిగిలే ఇబ్బందులతో రోజులు నడుపుకోవడం ఎలా

కుట్లు మానిపోయాయి, జుట్టు మళ్ళీ పెరిగింది, స్కాన్‌లో ఇప్పుడేమీ లేదన్నారు. చూసినవాళ్ళంతా "బాగానే ఉన్నావు కదా" అంటున్నారు. కానీ గదిలో నలుగురు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా బుర్రకెక్కదు, మధ్యాహ్నానికే తల మొద్దుబారిపోతుంది, పొద్దున ఎవరికో ఇచ్చిన మాట సాయంత్రానికి గుర్తుండదు, చిన్న విషయానికే కోపం ముంచుకొస్తుంది. ఈ గైడ్ ఆ మనిషి కోసం, ఆ మనిషితో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళ కోసం.

మా అన్నయ్యకు తలకు దెబ్బ తగిలి చాలా ఏళ్ళయింది. ఇక్కడ రాసినవి ఇంట్లో చేసి చూస్తూ, డాక్టర్లనూ థెరపిస్టులనూ పదేపదే అడుగుతూ నేర్చుకున్నవి. అన్నిటి వెనకా ఉన్న విషయం ఒక్కటే. దెబ్బతిన్న మెదడును "ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించు" అని తరిమితే పని జరగదు. అది మోయలేని భారాన్ని కాగితం మీదికో, అలారంలోకో, ఇంకో మనిషి చేతిలోకో మార్చాలి.

అన్నిటికన్నా ముందు: ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి

పాత దెబ్బే కదా అని వీటిని వదిలేయకండి: రోజురోజుకీ పెరిగే తలనొప్పి, ఆగని వాంతులు, లేపినా లేవనంత మత్తు, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, మొదటిసారి ఫిట్స్ రావడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలా కారడం. పెద్ద వయసువాళ్ళకీ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకీ చిన్న దెబ్బ తగిలిన కొన్ని వారాల తర్వాత కూడా మెదడు మీద రక్తం చేరి ఇలా బయటపడవచ్చు. ఇంకోటి, కొన్ని నెలల తర్వాత నడక మారిపోయి, మూత్రం ఆపుకోలేక, మతిమరుపు పెరుగుతుంటే అది దెబ్బ మామూలు ప్రభావమే అనుకోవద్దు. మెదడులో నీరు చేరి ఉండొచ్చు, దానికి ఆపరేషన్‌తో వైద్యం ఉంది.

1. ఏం దెబ్బతిందో తెలుసుకోండి

డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ రిపోర్టులు అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. అందులో జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేల్) అని ఒక అంకె ఉంటుంది. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు తయారుచేసిన కొలత అది. 3 నుంచి 15 వరకు ఉంటుంది. 13 నుంచి 15 అయితే స్వల్పం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 అంతకన్నా తక్కువైతే తీవ్రం. ఆ అంకె ఆ రోజు స్పృహ ఎంత ఉందో చెబుతుంది, అంతే. ఇవాళ మీరు ఉద్యోగం చేయగలరా లేదా అన్నది అది చెప్పదు. "స్వల్పం" అని రాసి ఉన్నా నెలల తరబడి బాధపడేవాళ్ళు ఉన్నారు, అలాంటి వాళ్ళ మాట ఎవరూ నమ్మకపోవడం దెబ్బ మీద ఇంకో దెబ్బ.

తల ఒక్కసారిగా ఊగి ఆగినప్పుడు మెదడు లోపల కదిలి, సన్నని నాడీ తంతువులు సాగి తెగుతాయి. ఇవి మామూలు సీటీ స్కాన్‌లో చాలాసార్లు కనిపించవు. పైగా నుదుటి వెనకా, కణతల దగ్గరా పుర్రె లోపలి ఎముక గరుకుగా ఉంటుంది కాబట్టి ఆ భాగాలకే ఎక్కువ రాపిడి. పనులు ప్లాన్ చేసుకోవడం, మొదలుపెట్టడం, కోపాన్ని ఆపుకోవడం, కొత్త విషయాలు గుర్తుపెట్టుకోవడం, ఇవన్నీ ఆ చోట్ల మీదే ఆధారపడతాయి. మీ ఇబ్బందుల జాబితా, పక్కింటివాళ్ళకు తలదెబ్బ తగిలితే వాళ్ళు చెప్పే జాబితా ఒకేలా ఎందుకుంటాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

వీలైతే న్యూరోసైకాలజీ పరీక్ష (జ్ఞాపకం, ధ్యాస, ఆలోచన ఎలా పనిచేస్తున్నాయో చూసేది) చేయించుకోండి. కొన్ని గంటలు పడుతుంది, అలసట వస్తుంది, అయినా చేయించుకోదగ్గది. మతిమరుపు అనుకున్నది నిజంగా మతిమరుపా, లేక అసలు వినేటప్పుడే ధ్యాస నిలవక బుర్రలోకి వెళ్ళలేదా అన్నది అక్కడ తేలుతుంది. రెండింటికీ చేయాల్సిన ఏర్పాట్లు వేరు.

కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడమంటే ఆగిపోవడం కాదు. రెండేళ్ళు దాటాక కూడా కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఉన్నారు.

2. రెండు వారాలు రాసి చూడండి

దేన్నైనా మార్చే ముందు రెండు వారాలు ఒక కాగితం మీద నాలుగే గళ్ళు గీసి రాయండి: ఎన్ని గంటలకు, ఏం చేస్తున్నారు, ఏమైంది, ముందురోజు రాత్రి నిద్ర ఎలా పట్టింది. పొడుగాటి వాక్యాలు వద్దు. "11:00, ఫోన్‌లో బ్యాంకువాళ్ళతో, తల బిగుసుకుంది, నిద్ర 5 గంటలు" అంటే చాలు. రెండు వారాలయ్యాక ఇంట్లో ఇంకొకరితో కూర్చుని చదవండి. కోపం ఎప్పుడూ సాయంత్రం ఆరు దాటాకే వస్తోందనో, తలనొప్పి వచ్చిన రోజులన్నీ జనం మధ్య గడిపిన రోజులేననో కనపడుతుంది. ఇదే కాగితం డాక్టర్ దగ్గరికి కూడా పట్టుకెళ్ళండి. అక్కడ దొరికే పది నిమిషాల్లో ఏది చెప్పాలో గుర్తురాక "బాగానే ఉంది" అని చెప్పి వచ్చేయడం చాలామందికి జరిగేదే.

3. అలసట మీద ముందు పని చేయండి

మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. తలదెబ్బ తర్వాత వచ్చే అలసట ఒళ్ళు నొప్పుల అలసటలాంటిది కాదు. పెద్దరోడ్డు తెగిపోతే సందుల్లో నుంచి చుట్టూ తిరిగి వెళ్ళినట్టు, అదే పనికి మెదడు చాలా ఎక్కువ శ్రమ పడుతుంది. కూర్చుని మాట వినడం కూడా పనే. అందుకే "ఏం చేశావని అలసిపోయావు?" అన్న ప్రశ్న అంత బాధ పెడుతుంది.

చేయాల్సింది ఇది. రెండు వారాలు రాసిన ఆ డైరీ కాగితం చూసి, ఎంతసేపటికి ధ్యాస చెదిరిపోతోందో కనుక్కోండి. లెక్కలు చూడటం 40 నిమిషాలకు కష్టమవుతుంటే, 25 నిమిషాలకే ఆపండి, బాగా ఉన్నా సరే ఆపండి. అలసిపోయాక తీసుకునే విశ్రాంతి కన్నా అలసిపోకముందు తీసుకునే విశ్రాంతికి ఫలితం ఎక్కువ. విశ్రాంతి అంటే ఫోన్ చూడటం కాదు, టీవీ కాదు. మసక వెలుతురు గదిలో కళ్ళు మూసుకుని పది, పదిహేను నిమిషాలు. తర్వాత మళ్ళీ పని. ఇలా రెండు వారాలు సాఫీగా నడిస్తే ఐదు నిమిషాలు పెంచండి.

అసలు ప్రమాదం మంచి రోజున వస్తుంది. పొద్దున లేవగానే తల తేలిగ్గా ఉంటుంది, ఇన్నాళ్ళూ ఆగిపోయిన పనులన్నీ ఇవాళే చేసేద్దాం అనిపిస్తుంది, చేస్తారు, ఆ తర్వాత రెండు మూడు రోజులు మంచం మీద. మంచి రోజున కూడా ప్లాన్‌లో ఉన్నంతే చేయాలని ముందే ఇంట్లో మాట అనుకోండి. కష్టమైన పనులు పొద్దున్నే పెట్టుకోండి. ఒకే రోజు డాక్టర్, బ్యాంకు, చుట్టాల ఇల్లు పెట్టుకోవద్దు.

అలాగని పూర్తిగా పడుకుని ఉండిపోకూడదు. చీకటి గదిలో వారాల తరబడి విశ్రాంతి తీసుకుంటే కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. రోజూ నడక, డాక్టర్ అనుమతితో మెల్లగా పెంచుతూ వ్యాయామం మేలు చేస్తాయి. ఇంట్లో కూడా నల్ల కళ్ళద్దాలు అస్తమానం పెట్టుకుంటే కళ్ళు వెలుతురును ఇంకా తట్టుకోలేకుండా పోతాయి, ఆ అలవాటునూ మెల్లగా తగ్గించండి.

ఇంకొకటి తప్పకుండా అడగండి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి కూడా తలదెబ్బకు దెబ్బతినవచ్చు, అప్పుడు హార్మోన్లు తగ్గి అలసట, బరువు మార్పు, నెలసరి తప్పడం, కోరిక తగ్గడం వంటివి వస్తాయి. రక్తపరీక్షలతో తెలుస్తుంది, మందులతో సరిచేయవచ్చు. థైరాయిడ్, రక్తహీనత, గురకతో వచ్చే నిద్ర సమస్య, మందుల మగత, ఇవి కూడా చూపించుకోండి. అన్నీ దెబ్బ ఖాతాలోనే వేసేస్తే బాగుచేయగలిగినవి కూడా అలాగే ఉండిపోతాయి.

4. జ్ఞాపకశక్తిని పరీక్షించడం మానేసి, నోట్‌బుక్ పెట్టండి

చాలామందికి పాత సంగతులు చక్కగా గుర్తుంటాయి, నిన్నటివి ఉండవు. దీనికి మెదడు ఆటల యాప్‌లు కొంటారు. వాటివల్ల ఆ ఆటలో స్కోరు పెరుగుతుంది, మందు వేసుకోవడం గుర్తుండటం మాత్రం పెరగదు. నిజంగా పనికొచ్చేవి బయటి సాధనాలే.

ఒక్కటే నోట్‌బుక్. చీటీలు, క్యాలెండర్, ఫోన్ నోట్స్ అని నాలుగు చోట్ల రాస్తే ఎక్కడ రాశామో వెతకడమే ఇంకో పని. మా అన్నయ్య నోట్‌బుక్‌లో ఎడమ పేజీ ఇవాళ చేయాల్సినవి, కుడి పేజీ జరిగినవి. కుడి పేజీలో ఒక వరుస ఇలా ఉంటుంది: "10:30. అత్తయ్య ఫోన్. శనివారం వస్తానంది. సరేనని చెప్పేశాను." ఆ చివరి ముక్క చాలా ముఖ్యం. అది లేనప్పుడు సరేనన్నానో లేదో తెలియక అత్తయ్యకు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసేవాడు, ఆవిడ కంగారు పడేది.

నోట్‌బుక్ చూడాలన్న సంగతే మర్చిపోతే? అందుకే అలారం. రోజుకు నాలుగుసార్లు, ఒకే వేళల్లో, "నోట్‌బుక్ చూడు" అని తెరమీద కనపడేలా. ఉత్తి మోత పెడితే ఎందుకు మోగిందో తెలియదు. మందులకు వారం డబ్బా వాడండి. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు. తాళాలు, పర్సు, కళ్ళద్దాలకు తలుపు పక్కన ఒక ట్రే, వాటి చోటు ఎన్నటికీ మారకూడదు. స్నానం, బయటికి బయల్దేరడం లాంటి రోజువారీ పనులకు అంచెలు రాసి ఆ పని జరిగే చోటే అంటించండి.

ఇంట్లోవాళ్ళు మార్చుకోవాల్సిన అలవాటు ఒకటుంది. "పొద్దున ఏం చెప్పానో గుర్తు తెచ్చుకో చూద్దాం" అని అడగడం. తీవ్రమైన మతిమరుపు ఉన్నవాళ్ళు ఊహించి తప్పు చెబితే, ఆ తప్పే మెదడులో ముద్రపడుతుంది. సరైన జవాబు మీరే ముందు చెప్పండి, వాళ్ళచేత అదే అనిపించండి, ఒక నిమిషం తర్వాత అడగండి, తర్వాత మూడు నిమిషాలకు, పది నిమిషాలకు, అరగంటకు. తప్పితే వెంటనే జవాబు చెప్పి మళ్ళీ చిన్న విరామం నుంచి మొదలుపెట్టండి. కొత్త ఫోన్ వాడటం, కొత్త మనిషి పేరు, ఇలాంటివి ఈ పద్ధతిలో నేర్పవచ్చు.

5. మొదలుపెట్టలేకపోవడం బద్ధకం కాదు

అన్నీ తెలుసు, చేయాలనీ ఉంది, కానీ సోఫాలోంచి లేవరు. నుదుటి వెనక భాగం దెబ్బతిన్నప్పుడు పని మొదలుపెట్టే శక్తే తగ్గుతుంది. ఇక్కడ తిట్లు పనిచేయవు. "గది సర్దు" అనేది చాలా పెద్ద పని, దాన్ని "మంచం మీది బట్టలు బుట్టలో వెయ్" అంత చిన్నది చేయండి. ఒక్కసారి ఒక్కటే చెప్పండి. రోజూ అదే వేళకు అదే పని జరిగేలా చూస్తే కొన్నాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేకుండా చెయ్యి అటు వెళ్తుంది.

కొందరికి తమలో మార్పు వచ్చిందనే తెలియదు. అబద్ధం చెబుతున్నారని అనుకోకండి. తన లోపాన్ని తాను గమనించుకునే శక్తి కూడా మెదడు పనే, అదీ దెబ్బతింది. వాదించే బదులు, పని మొదలుపెట్టే ముందు "ఇది ఎంతసేపు పడుతుంది, ఎన్ని తప్పులు పోతాయి?" అని వాళ్ళచేతే రాయించండి. పని అయ్యాక పక్కపక్కన పెట్టి నిదానంగా చూడండి. ఎవరూ వేలెత్తి చూపకుండానే తేడా తెలుస్తుంది.

6. కోపం, ఏడుపు, దిగులు

కోపం వచ్చాక ఆపడం దాదాపు అసాధ్యం, రాకముందు చేయాల్సిందే ఎక్కువ. ఆకలి, నిద్రలేమి, చప్పుడు, తొందరపెట్టడం, ఒకేసారి ఇద్దరు మాట్లాడటం, వీటిలో మీ ఇంట్లో దేనికి ఎక్కువ మండుతుందో డైరీ చెబుతుంది. టీవీ ఆపి మాట్లాడండి. ప్రశాంతంగా ఉన్న రోజున ఒక సైగ అనుకోండి. ఎవరు ఆ సైగ చేసినా మాట అక్కడే ఆగాలి, ఆ మనిషి వేరే గదిలోకి వెళ్ళాలి, వెంటపడకూడదు, అరగంట దాకా ఆ విషయం ఎత్తకూడదు. "వెళ్ళిపోతున్నావా, జవాబు చెప్పి వెళ్ళు" అన్నారంటే ఏర్పాటంతా పోయినట్టే. కోపంలో అన్న మాటలన్నీ మనసులో దాచుకున్న నిజాలని పట్టుకోకండి. కానీ కొట్టడం, వస్తువులు విసరడం దాకా వస్తే పిల్లల్ని తీసుకుని అక్కడి నుంచి తప్పుకోండి, డాక్టర్‌కు చెప్పండి. జబ్బు కదా అని దెబ్బలు భరించనక్కర్లేదు.

ఒక మందు సంగతి. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటమ్ కొందరిలో చిరాకును బాగా పెంచుతుంది. ఆ మందు మొదలుపెట్టాక స్వభావం మారితే డాక్టర్‌ను అడగండి, మార్చే వీలుంటుంది. సొంతంగా ఒక్కసారిగా మాత్రం ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు.

దుఃఖం లేకుండా ఏడుపు, సంతోషం లేకుండా నవ్వు ఆగకుండా వస్తుంటే అది కూడా మెదడు గాయం వల్ల వచ్చేదే, దానికీ మందులున్నాయి. ఇక డిప్రెషన్ చాలా మామూలు. ఆసుపత్రిలో చేరిన 559 మందిని గమనించి 2010లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో మొదటి ఏడాదిలోనే 53 శాతం మందికి డిప్రెషన్ కనిపించింది. ఇంత జరిగాక దిగులు సహజమేలే అని వదిలేయకండి, వైద్యానికి లొంగుతుంది. చచ్చిపోవాలన్న మాట వస్తే తేలిగ్గా తీసుకోవద్దు: ఒంటరిగా వదలకండి, మందులు, పురుగుమందులు, పదునైనవి అందకుండా తీసేయండి, అదే రోజు వైద్య సహాయం అందుకోండి.

7. శరీరంలో మిగిలేవి

- తలనొప్పి: మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులకు పైగా, అలా మూడు నెలలు వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. కొన్ని రకాలకు 10 రోజులే హద్దు. ఎన్ని వేసుకుంటున్నారో రాసుకోండి.
- తల తిరగడం: మంచం మీద పక్కకు ఒరిగినప్పుడు కొన్ని సెకన్లు గిర్రున తిరిగితే, లోచెవిలో రేణువులు కదిలి ఉండొచ్చు. తలను ఒక వరుసలో తిప్పే ఎప్లీ పద్ధతితో తెలిసినవాళ్ళు క్లినిక్‌లోనే తగ్గిస్తారు. నెలల తరబడి తలతిరుగుడు మాత్రలు మింగడం దీనికి మందు కాదు.
- చదువుతుంటే అక్షరాలు రెండుగా కనిపించడం, వరుస తప్పడం: చూపు 6/6 ఉన్నా రెండు కళ్ళూ కలిసి పనిచేయకపోవచ్చు. ఆ పరీక్ష ప్రత్యేకంగా అడగండి.
- వాసన పోవడం: ముక్కు పైభాగంలోని సన్నని నరాలు తెగడం వల్ల. గ్యాస్ అలారం, పొగ అలారం పెట్టించండి. ఆహారం పాడైందో లేదో ఇంకొకరు చూడాలి, డబ్బాల మీద తేదీ రాయండి.
- నిద్ర: రోజూ ఒకే వేళకు లేవండి, పగటి కునుకు అరగంట లోపు, మధ్యాహ్నం మూడు దాటాక వద్దు. నిద్రమాత్రల్లో చాలావాటి వల్ల మరుసటి రోజు జ్ఞాపకం, నడక ఇంకా దెబ్బతింటాయి.
- ఫిట్స్: దెబ్బ తగిలిన ఏళ్ల తర్వాత కూడా మొదలుకావచ్చు. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో ఇనుము పెట్టడం లాంటివి వద్దు. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్.
- మద్యం: మానేయడమే మేలు. ముందున్నంత తట్టుకోలేరు, ఫిట్స్ అవకాశం పెరుగుతుంది, మళ్ళీ పడితే రెండో దెబ్బ.

8. పని, బండి, డబ్బు

ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు పూర్తి రోజుతో మొదలుపెట్టకండి. వారానికి కొన్ని రోజులు, రోజుకు రెండు మూడు గంటలు, గోడవైపు బల్ల, నోటిమాటతో కాకుండా రాసిచ్చే పనులు, ఇవి అడగండి. "నాకు కాస్త కష్టంగా ఉంది" అంటే పైవాళ్ళకు ఏం చేయాలో తెలియదు, "మీటింగ్ అయ్యాక నిర్ణయాలు మెయిల్ చేయండి" అంటే చేస్తారు.

1848లో ఇనుప కడ్డీ తలలోంచి దూసుకుపోయినా బతికిన ఫినియస్ గేజ్ అనే అమెరికా రైల్వే పనివాడి గురించి చదివినవాళ్ళకు అతని స్వభావం మారిపోవడమే గుర్తుంటుంది. తర్వాత అతను చిలీలో ఏళ్ల తరబడి గుర్రపు బళ్ళు నడిపాడు. రోజూ ఒకే దారి, ఒకే వరుసలో పనులు ఉండటం వల్లే నిలదొక్కుకోగలిగాడని కొందరు పరిశోధకులు భావిస్తారు. నాకు ఆ మాట నమ్మబుద్ధేస్తుంది, ఇంట్లో చూస్తున్నది అదే కాబట్టి.

బండి నడపడం డాక్టర్ ఒప్పుకున్నాకే. చేతులూ కాళ్ళూ బాగుండటం చాలదు, ఒక్కసారిగా అడ్డం వచ్చినదాన్ని గమనించి బ్రేక్ వేసే వేగం ఉండాలి. డబ్బు విషయంలో, ఒక పరిమితి దాటిన ఖర్చుకు 24 గంటలు ఆగాలని, ఇంకొకరికి చెప్పాలని నియమం పెట్టుకోండి. ఫోన్‌లో తీయగా మాట్లాడి డబ్బు లాగేవాళ్ళ చేతికి ఈ మనుషులు తేలిగ్గా చిక్కుతారు.

9. చూసుకునేవాళ్ళకు

అదే ముఖం, అదే గొంతు, కానీ మనిషి వేరు. పోయారని ఏడవలేరు, ఉన్నారని సంతోషించలేరు. ఆ బాధ న్యాయమైనదే, దాన్ని ఎవరితోనైనా చెప్పుకోండి. వారంలో ఒక పూట ఇంకొకరికి అప్పగించి బయటికి వెళ్ళండి, దానికి అనుమతి కోసం చూడకండి. ఎవరైనా "ఏమైనా సాయం కావాలా" అంటే "ఏం వద్దులే" అనకుండా "బుధవారం సాయంత్రం రెండు గంటలు అన్నయ్య దగ్గర కూర్చుంటావా" అని అడగండి. ఇంట్లో పిల్లలుంటే, నాన్న కోపం వాళ్ళ తప్పు కాదని, తలకు తగిలిన దెబ్బ వల్ల వస్తోందని వాళ్ళ భాషలో, ఒక్కసారి కాదు చాలాసార్లు చెప్పండి.

మూడు నెలలకోసారి అందరూ కూర్చుని ఏర్పాట్లన్నీ మళ్ళీ చూడండి. ఏ అలారం ఇక అవసరం లేదో తీసేయండి, ఏ పని ఇంకా ఇంకొకరు చేసిపెడుతున్నారో, అందులో ఏ ముక్క ఆ మనిషికే తిరిగి అప్పగించవచ్చో రాయండి. మా ఇంట్లో ఈమధ్య కరెంటు బిల్లు కట్టే పని అన్నయ్యకు తిరిగి వెళ్ళింది, ఎడమ పేజీలో ప్రతి నెలా ఐదో తారీఖున.